విమానాలు కట్టిన ఊరు, పుస్తకానికెక్కని పేర్లు

నేతవాళ్ల సంచికలో విమానాల కథ ఎందుకని మీరు అడగొచ్చు. చివరిదాకా చదివితే మన ఇంటి కథే అని మీకే తెలుస్తుంది.

ఇంగ్లండులో సాలిస్‌బరీ అని చిన్న ఊరుంది. ఒకప్పుడు ఉన్ని బట్టల నేతకు పేరుమోసిన ఊరు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆ నేత ఎప్పుడో పోయింది.

1940 సెప్టెంబరు 24న, 26న జర్మనీ విమానాలు సౌతాంప్టన్‌లోని స్పిట్‌ఫైర్ ఫ్యాక్టరీ మీద బాంబులు వేశాయి. వందమందికి పైగా చనిపోయారు. అంతా ఒకేచోట ఉంటే ఒక్క దెబ్బకు పోతుందని గ్రహించి, పనిని ముక్కలుచేసి సాలిస్‌బరీ, ట్రోబ్రిడ్జ్, రీడింగ్ లాంటి ఊళ్లకు పంచేశారు.

సాలిస్‌బరీలో మోటారు గ్యారేజీలు, బస్సు డిపో విమానాల కార్ఖానాలు అయిపోయాయి. రెక్కలు ఒకచోట, ఒళ్లు ఇంకోచోట. అన్నీ లారీల మీద హైపోస్ట్, చాటిస్‌హిల్ మైదానాలకు తీసుకెళ్లి, అక్కడ బిగించి ఎగరేసేవాళ్లు. మన దగ్గర ఒక ఇంట్లో రంగు, ఒక ఇంట్లో ఆసు, ఇంకో ఇంట్లో కండెలు, చివరికి మగ్గం మీద చీర. ఆ పద్ధతే అన్నమాట. ఆ విమానం తోకకు తొడిగింది కూడా నేత బట్టే. అవిసె నార బట్ట బిగించి, మనం గంజి పెట్టినట్టు, దాని మీద మందు పూసి గట్టిచేసేవాళ్లు.

పని చేసినవాళ్లలో చాలామంది వయసు ఆడపిల్లలు. అంతకు ముందు పనిముట్టు పట్టి ఎరగనివాళ్లు. బయట చెప్పకూడదని కట్టుబాటు. యుద్ధం 1945లో అయిపోయినా వాళ్లు నోరు విప్పలేదు. ఆ ఊరు కట్టిన విమానాలు 2,000 పైచిలుకు. అయినా ఊళ్లోనే చాలామందికి తెలియదు. ముసలివాళ్లైన ఆ ఆడవాళ్లను వెతికి, మాట్లాడించి 2016లో సినిమా తీశారు. 2021లో స్పిట్‌ఫైర్ నమూనాతో స్మారకం నిలబెట్టారు. అప్పటికి ఎంతోమంది వెళ్లిపోయారు.

మనకూ ఇందులో పాలుంది. ఆ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ దళానికి హైదరాబాద్ పేరు, 234వ దళానికి మద్రాసు ప్రెసిడెన్సీ పేరు పెట్టారు. ఇక్కడినుంచి వెళ్లిన డబ్బుకు గుర్తుగా పెట్టిన పేర్లవి. డబ్బిచ్చిన సంస్థానం పేరు నిలిచింది. చేతులతో చేసినవాళ్ల పేర్లకు డెబ్బై ఏళ్లు పట్టింది.

ఇక మా మాట. మా సంఘం పాత రిజిస్టర్లు తీసి చూస్తే సభ్యులంతా మగవాళ్లే. ఆసు పోసిన అమ్మలు, కండెలు చుట్టిన అక్కలు, అతుకులు అతికిన అత్తమ్మలు ఒక్కరూ లేరు. వాళ్లకు ఏ కట్టుబాటూ లేదు, ఎవరూ అడగలేదంతే. ఆ రిజిస్టరు రాసిన చేతుల్లో మావీ ఉన్నాయి, తప్పు ఒప్పుకుంటున్నాం.

అందుకే పెద్దలకు, పిల్లలకు మా మనవి. ఈ సంచిక చూడటం అయ్యాక ఇంట్లో ఉన్న పెద్దావిడ పక్కన కూర్చోండి. ఏ పని చేసింది, ఎన్నేళ్లు చేసింది, ఎవరి దగ్గర నేర్చింది, ఒక కాగితం మీద రాసి మీ సంఘానికి ఇవ్వండి. మా సంఘంలో ఆ పుస్తకం ఇప్పటికే తెరిచాం. మొదటి పేజీలో మా అమ్మల పేర్లు రాసుకున్నాం.