ఓక్లాండ్ గెలిచిన అక్టోబర్

1989 అక్టోబర్ 17, మంగళవారం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్క్ స్టేడియంలో ఆ సాయంత్రం గాలి లేదు. ఆ మైదానం ఎరిగినవాళ్లకు అదే పెద్ద వింత. వేసవిలో కూడా సముద్రపు గాలి ఈడ్చి కొట్టే చోటు అది, జనం దుప్పట్లు తెచ్చుకుని మరీ ఆట చూసేవారు. ఆ రోజు మాత్రం వెచ్చగా, నిశ్చలంగా ఉంది. సుమారు 62 వేల మంది వచ్చారు. బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ మూడో ఆటకు ఇంకో అరగంట ఉంది.

5 గంటల 4 నిమిషాలకు నేల కింద ఏదో దొర్లుతున్నట్టు చప్పుడైంది. కాంక్రీటు మెట్లు అలలా కదిలాయి. లైట్ల స్తంభాలు గాలివానలో తాటిచెట్లలా ఊగాయి. అంతా కలిపి దాదాపు 15 సెకన్లు. కుదుపు ఆగగానే జనం కేకలు వేసి చప్పట్లు కొట్టారు. కాలిఫోర్నియా వాళ్లకు భూమి కదలడం కొత్త కాదు, ఇదీ దాటిపోయిందనుకున్నారు. కరెంటు పోయింది. చిన్న బ్యాటరీ టీవీలు, ట్రాన్సిస్టర్లు తెచ్చుకున్నవాళ్ల చుట్టూ మిగతావాళ్లు మూగారు. అఖాతం మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కోను ఓక్లాండ్‌తో కలిపే బే బ్రిడ్జి పై అంతస్తులో ఒక ముక్క విరిగి కింది అంతస్తు మీద పడిందన్న కబురు అలా వరస నుంచి వరసకు పాకింది. మైదానంలో ఆటగాళ్లు భార్యాపిల్లల కోసం వెతుక్కుంటున్నారు.

ఆ సిరీస్‌ను జనం పిలుచుకున్న పేరే ‘బే బ్రిడ్జి సిరీస్’. అఖాతానికి పడమటి ఒడ్డున శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్, తూర్పు ఒడ్డున ఓక్లాండ్ అథ్లెటిక్స్. ముద్దుగా పిలిస్తే ‘ఏస్’. మధ్యలో 1936లో కట్టిన వంతెన. ఒకే ఇంట్లో అన్నది ఒక జట్టు, తమ్ముడిది ఇంకో జట్టు. సగం ఒక జట్టు రంగు, సగం రెండో జట్టు రంగు ఉన్న టోపీలు కూడా కనిపించాయి.

నిజానికి ఈ రెండు జట్లూ అక్కడ పుట్టినవి కావు. జెయింట్స్ న్యూయార్క్ నుంచి 1958లో వచ్చింది. అథ్లెటిక్స్ ఫిలడెల్ఫియాలో పుట్టి, 1955లో కాన్సాస్ సిటీకి, 1968లో ఓక్లాండ్‌కు చేరింది. తూర్పు తీరంలో ఉండగా 1905, 1911, 1913 వరల్డ్ సిరీస్‌లలో ఇవే రెండు జట్లు తలపడ్డాయి. 1911లో వాన వల్ల ఆట ఆరు రోజులు ఆగింది. 1989 దాకా వరల్డ్ సిరీస్‌లో అదే పెద్ద విరామం. కాలిఫోర్నియా జట్ల మధ్యే ఫైనల్ జరగడం కూడా 1989లో మొదటిసారి కాదు. 1974లో ఓక్లాండ్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ను ఓడించింది, 1988లో అదే డాడ్జర్స్ చేతిలో ఓడింది. ఆ ఓటమి మంట ఇంకా చల్లారని జట్టు 1989లో బరిలో దిగింది.

నాలుగు ఆటలు ముందు గెలిచినవాళ్లదే కప్పు. అక్టోబర్ 14న, 15న ఓక్లాండ్‌లో జరిగిన రెండు ఆటలూ ఏస్ గెలిచింది, 5–0, 5–1. మొదటి ఆటలో బంతి విసిరినవాడు డేవ్ స్టీవర్ట్. ఓక్లాండ్‌లోనే పుట్టి పెరిగినవాడు. టోపీ అంచు కళ్ల మీదికి లాక్కుని, బ్యాట్స్‌మన్ వైపు రెప్పవేయకుండా చూసే ఆ చూపుకే సగం మంది జంకేవారని అప్పట్లో చెప్పుకునేవారు.

మంగళవారం సాయంత్రం ఐదు గంటలు రోడ్లు కిక్కిరిసే సమయం. కానీ రెండు ఊళ్లవాళ్లూ ఆట చూడాలని పెందలాడే ఇళ్లకు చేరారు, కొందరు ఆఫీసుల్లోనే టీవీల ముందు కూర్చున్నారు. అందుకే ఓక్లాండ్‌లోని సైప్రెస్ వంతెన రోడ్డు మీద మామూలు రద్దీ లేదు. 880 నంబరు హైవేలో భాగమైన ఆ రెండంతస్తుల రోడ్డు 1957లో మొదలైంది. అది నడిచిన దారి కింద ఉన్నది మెత్తటి బురద నేల. భూకంపానికి దాదాపు రెండు కిలోమీటర్ల పొడవునా పై అంతస్తు కింది అంతస్తు మీద కూలింది. చనిపోయినవాళ్లు వందల్లో ఉంటారని మొదట భయపడ్డారు. చివరికి తేలిన లెక్క 42. ఆ భూకంపంలో మొత్తం పోయిన ప్రాణాలు 63.

కూలిన రోడ్డు దగ్గరికి ముందుగా చేరుకున్నది చుట్టుపక్కల పేటలవాళ్లు, దగ్గరి కార్ఖానాల కార్మికులు. నిచ్చెనలు, తాళ్లు, సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్టులు పట్టుకొచ్చి, కాంక్రీటు పలకల మధ్యకు పాకుతూ వెళ్లి మనుషుల్ని బయటికి లాగారు. నాలుగు రోజుల తర్వాత ఒక రేవు కార్మికుడు శిథిలాల్లో ప్రాణాలతో దొరికాడు. నెల తిరక్కుండానే ఆసుపత్రిలో కన్నుమూశాడు.

ప్రపంచం ఎక్కువగా చూసింది మాత్రం అవతలి ఒడ్డును. టీవీ సంస్థల కెమెరాలు చాలావరకు ఆట కోసం క్యాండిల్‌స్టిక్ దగ్గరే ఉన్నాయి. పైన ఎగురుతున్న గుడ్‌ఇయర్ బెలూన్ విమానం విరిగిన వంతెనను, మరీనా పేటలో ఎగసిన మంటలను చూపింది. ఏబీసీ వ్యాఖ్యాత ఆల్ మైకేల్స్ ఒకప్పుడు జెయింట్స్ ఆటలకే వ్యాఖ్యానం చెప్పినవాడు, ఊరి వీధులన్నీ తెలిసినవాడు. ఆటగొంతు వదిలి వార్తలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన పనిలో లోపమేమీ లేదు. అయినా శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపంగా జనం మనసులో ముద్రపడిన ఆ ఘటనలో ప్రతి ముగ్గురు మృతుల్లో ఇద్దరు ఓక్లాండ్‌లో ఒకే రోడ్డు మీద పోయినవాళ్లని ఇప్పటికీ చాలామందికి తెలియదు. ఇది బాధపడాల్సిన విషయమే.

బేస్‌బాల్ కమిషనర్ ఫే విన్సెంట్‌కు ఆ పదవి వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. కరెంటు లేని హోటల్లో కొవ్వొత్తుల వెలుగులో విలేఖరులతో మాట్లాడాడు. ఊరి కష్టం ముందు తమ ఆట చాలా చిన్నదని, ఊరు సిద్ధమైనప్పుడే మళ్లీ మొదలుపెడతామని చెప్పాడు. సిరీస్ రద్దు చేయాలన్నవాళ్లూ ఉన్నారు. ఏస్ జట్టు సాధన కోసం అరిజోనాలోని ఫీనిక్స్‌కు వెళ్లింది. స్టీవర్ట్ మాత్రం కూలిన సైప్రెస్ రోడ్డు దగ్గరికి వెళ్లి, శిథిలాలు తవ్వుతున్నవాళ్లకు తిండి అందించాడు. అది అతని ఊరు మరి.

పది రోజుల తర్వాత, అక్టోబర్ 27న, క్యాండిల్‌స్టిక్‌లోనే మూడో ఆట జరిగింది. మొదటి బంతి విసిరే గౌరవం సహాయక సిబ్బందికి దక్కింది. విరామం ఓక్లాండ్‌కు కలిసొచ్చింది. మొదటి రెండు ఆటల్లో విసిరిన స్టీవర్ట్, మైక్ మూర్‌ల చేతులకు కావలసినంత విశ్రాంతి దొరికింది, మేనేజర్ టోనీ లా రూసా మళ్లీ వాళ్లనే దింపాడు. లేకపోతే మూడో ఆటలో బాబ్ వెల్చ్ విసరాల్సింది. ఏస్ బంతిని కంచె దాటించే హోమ్ రన్లు ఐదు కొట్టి 13–7తో గెలిచింది. మర్నాడు 9–6. నాలుగుకు నాలుగూ. మొత్తం సిరీస్‌లో జెయింట్స్ ఒక్క క్షణం కూడా ఆధిక్యంలోకి రాలేదు. ఉత్తమ ఆటగాడి బహుమతి స్టీవర్ట్‌కు వచ్చింది.

గెలిచిన జట్టు గదిలో షాంపేన్ పొంగించడం అక్కడి ఆనవాయితీ. ఏస్ ఆ రాత్రి షాంపేన్ తెరవలేదు. రికీ హెండర్సన్, హోసే కాన్సెకో, మార్క్ మెక్‌గ్వైర్, డెనిస్ ఎకర్స్‌లీ ఉన్న ఆ జట్టు ఆ కాలపు గొప్ప జట్లలో ఒకటి. మామూలు ఏడాదిలో గెలిచి ఉంటే వాళ్ల ఆట గురించి ఊరంతా తరతరాలు చెప్పుకునేది. భూకంపం వాళ్ల గెలుపును కూడా కప్పేసింది. ఆ తర్వాత ఏస్ మళ్లీ వరల్డ్ సిరీస్ గెలవలేదు.

బే బ్రిడ్జి నెల రోజుల్లో, నవంబర్ 18న, మళ్లీ తెరుచుకుంది. అందాకా అఖాతం అడుగున సొరంగంలో నడిచే బార్ట్ రైళ్లే ఎక్కువగా జనాన్ని మోశాయి. వంతెన తూర్పు భాగాన్ని పూర్తిగా కొత్తగా కట్టి 2013లో తెరిచారు. క్యాండిల్‌స్టిక్‌ను 2015లో కూల్చేశారు. ఏస్ జట్టు 2024 సెప్టెంబర్ 26న ఓక్లాండ్‌లో ఆఖరి ఆట ఆడి ఊరు విడిచింది.

సైప్రెస్ రోడ్డు కథ వేరుగా సాగింది. అది 1950లలో పశ్చిమ ఓక్లాండ్‌లోని నల్లజాతివాళ్ల పేటను నిలువునా చీల్చి కట్టిన రోడ్డు. కూలాక దాన్ని అదే చోట మళ్లీ కట్టడానికి పేటవాళ్లు ఒప్పుకోలేదు. పోరాడి నెగ్గారు. హైవేను పక్కకు తిప్పి 1997లో తెరిచారు. ఇప్పుడు ఫ్రీమాంట్ నుంచి ఓక్లాండ్ వైపు 880 మీద కారు నడిపే తెలుగువాళ్లు వెళ్లేది ఆ వంపు తిరిగిన దారిలోనే. పాత రోడ్డు చోట చెట్లతో, నడకదారితో ఒక వీధి వచ్చింది. దాని పేరు మండేలా పార్క్‌వే. మండేలాకు ఈ తీరంతో పాత బంధమే ఉంది. 1984లో ఈ అఖాతం చుట్టుపక్కల రేవు కార్మికులు వర్ణవివక్షకు నిరసనగా దక్షిణాఫ్రికా సరుకు దించబోమని ఓడ ముందు భీష్మించారు. జైలు నుంచి విడుదలైన నెల్సన్ మండేలా 1990 జూన్ 30న ఓక్లాండ్ వచ్చి వాళ్లకు కృతజ్ఞత చెప్పాడు. ఆ సభ జరిగింది స్టీవర్ట్ మొదటి ఆట గెలిపించిన కొలీజియం మైదానంలోనే.