కలిసి నడిచేవన్నీ కారణాలు కావు

పదేళ్ళ కిందట ఒక సాహిత్య పాఠశాలలో శాస్త్రానికీ వర్గ ప్రయోజనాలకూ వున్న సంబంధం గురించి మాట్లాడుతూ నేనొక ఉదాహరణ ఇచ్చాను. అమెరికాలో కార్ల్ బ్రిగామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1923లో ఒక పుస్తకం రాశాడు. దక్షిణ, తూర్పు ఐరోపాల నుంచి వలస వచ్చిన శ్రామిక జనానికి పుట్టుకతోనే తెలివి తక్కువని అందులో అంకెలతో వాదించాడు. మరుసటి యేడు, 1924లో, సరిగ్గా ఆ జనం రాకనే కట్టడి చేస్తూ చట్టం వచ్చింది. కాబట్టి ఆ పుస్తకమే ఆ చట్టాన్ని తెచ్చిందన్నాను. సభలో చప్పట్లు మోగాయి. చర్చ మొదలయ్యాక వెనక వరసలోంచి ఒక విద్యార్థిని లేచింది. "మాస్టారూ, పుస్తకం ముందు వచ్చింది, చట్టం వెనక వచ్చింది. అంతవరకూ సరే. పుస్తకం రాకపోతే చట్టం ఆగిపోయేదా?" అని అడిగింది. అప్పటికేదో సర్దిచెప్పాను కానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

తర్వాత ఆ చరిత్రనే మళ్ళీ చదువుకుంటే తెలిసిందేమంటే, ఆ అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్నే మనస్తత్వశాస్త్రం తనను తాను వందేళ్ళకు పైగా అడుగుతూ వస్తున్న ప్రశ్న. రెండు విషయాలు కలిసి కనిపించటం వేరు, ఒకటి రెండోదానికి కారణం కావటం వేరు. ఈ తేడా తెలియకపోతే శాస్త్రం పాలకుల చేతిలో కర్ర అవుతుంది. మన విమర్శ కూడా గుడ్డిదవుతుంది.

ఆధునిక మనస్తత్వశాస్త్రం రెండు దారుల్లో పెరిగింది. 1879లో విల్‌హెల్మ్ వుంట్ జర్మనీలోని లైప్‌జిగ్‌లో ప్రయోగశాల పెట్టాడు. పరిశోధకుడు ఒక పరిస్థితిని తానే మార్చి, దానివల్ల మనిషి స్పందనలో ఏం మార్పు వచ్చిందో కొలవటం ఆ దారి. రెండోది ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ వేసినది. ఆయన 1888లో మనుషుల ఎత్తుకూ మూర పొడవుకూ వున్న పొత్తును ఒకే అంకెతో చెప్పే పద్ధతి కనిపెట్టాడు. 1896లో కార్ల్ పియర్సన్ దానికి గణిత రూపం ఇచ్చాడు. దాన్నే మనం బి.ఇడి. పాఠాల్లో సహసంబంధ గుణకం అని చదువుకున్నాం. ఒకటి పెరుగుతుంటే రెండోదీ తప్పకుండా అదే పాళంలో పెరిగితే గుణకం +1, ఒకటి పెరిగేకొద్దీ రెండోది అంత ఖచ్చితంగానూ తగ్గుతుంటే -1, రెంటికీ అలాంటి పొత్తేమీ లేకపోతే సున్నా.

ఈ పనిముట్టు ఏ చేతుల్లో పుట్టిందో కూడా గమనించాలి. ప్రతిభ వంశంలోనే వస్తుందని 1869లోనే పుస్తకం రాసిన మనిషి గాల్టన్. సుజననశాస్త్రం అన్న మాటను 1883లో పుట్టించిందీ ఆయనే. అయితే పుట్టిన ఇంటిని బట్టి పనిముట్టును పారెయ్యనక్కరలేదు. అది ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో తెలుసుకోవటం ముఖ్యం.

ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలందరి పాదాలూ కొలిచి, వాళ్ళ చదివే వేగాన్నీ కొలవండి. పెద్ద పాదాలున్నవాళ్ళే బాగా చదువుతారు. పాదం చదువు నేర్పటం లేదు, చదువు పాదాన్ని సాగదియ్యటం లేదు. వయసు ఆ రెంటినీ పెంచుతోంది. సహసంబంధం కనిపించినప్పుడల్లా మొదటిది రెండోదానికి కారణం కావచ్చు, రెండోదే మొదటిదానికి కారణం కావచ్చు, కంటికి కనపడని మూడోదేదో రెంటినీ నడిపిస్తుండవచ్చు. కొలిచినది కొద్దిమందినే అయితే వట్టి కాకతాళీయం కూడా కావచ్చు. ఇందులో ఏది నిజమో గుణకం ఎంత పెద్దదైనా దానంతటది చెప్పలేదు.

ప్రయోగం ఈ చిక్కును వేరే రకంగా విప్పుతుంది. మనుషుల్ని చీటీలు వేసి రెండు జట్లుగా విడదీస్తారు. అమెరికాలో చార్లెస్ పర్స్, జోసెఫ్ జాస్ట్రో 1880లలోనే తమ బరువుల ప్రయోగంలో ఏ బరువు ఎప్పుడు పెట్టాలో పేకముక్కలు కలిపి తీసి నిర్ణయించారు. ఇంగ్లండులో వ్యవసాయ పరిశోధన చేస్తూ రోనాల్డ్ ఫిషర్ తన 1925, 1935 పుస్తకాల్లో ఈ పద్ధతికి సిద్ధాంతం కట్టాడు. చీటీకి పక్షపాతం లేదు. ఎవరు పేదో, ఎవరు పెద్దో, ఎవరికి తల్లిదండ్రుల చదువు తోడుందో దానికి తెలియదు. అందువల్ల తెలిసిన తేడాలూ తెలియని తేడాలూ రెండు జట్లలోకీ ఇంచుమించు సమానంగా పోతాయి. ఆ తర్వాత ఒక జట్టుకు మాత్రం ఒక్క విషయం మారుస్తారు. చివరికి యాదృచ్ఛికం అనటానికి వీల్లేనంత తేడా తేలితే, అది ఆ మార్పు వల్లనే అనటానికి గట్టి ఆధారం దొరికినట్టు.

ఇప్పుడు బ్రిగామ్ పుస్తకం దగ్గరికి వద్దాం. మొదటి ప్రపంచయుద్ధంలో, 1917-18 మధ్య, రాబర్ట్ యెర్కిస్ నాయకత్వాన అమెరికా సైన్యం సుమారు 17 లక్షల 50 వేల మందికి ప్రజ్ఞా పరీక్షలు పెట్టింది. ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళకు ఆల్ఫా పరీక్ష. చదవలేనివాళ్ళకు, భాష రానివాళ్ళకు బొమ్మలతో బీటా పరీక్ష. ఆల్ఫాలో అమెరికా బజారులో అమ్మే సరుకుల పేర్లు, ఆటగాళ్ళ పేర్లు అడిగారు. బీటాలో వల లేని టెన్నిస్ మైదానం, కొమ్ము లేని గ్రామఫోను చూపించి లోపం ఏమిటో గీసి చూపమన్నారు. ఇటలీ పల్లెలోంచి ఓడ దిగి రాళ్ళు కొట్టుకునే కూలివాడు టెన్నిస్ వలను ఎక్కడ చూసి వుంటాడు? వాడికి తెలియనిది టెన్నిస్, పరీక్ష రాసుకున్నది తెలివితక్కువతనం.

ఈ పరీక్షల లెక్కల్లోంచి రెండు సహసంబంధాలు పైకి తేలాయి. ఎక్కువ యేళ్ళు బడికి పోయినవాళ్ళకు ఎక్కువ మార్కులొచ్చాయి. అమెరికాలో ఎక్కువ యేళ్ళు కాపురమున్న వలసజనానికి ఎక్కువ మార్కులొచ్చాయి. ఇరవై యేళ్ళకు పైబడి వున్నవాళ్ళ సగటు దాదాపుగా అక్కడే పుట్టిన తెల్లవాళ్ళ సగటును అందుకుంది. బడి నేర్పింది, దేశం అలవాటయింది, భాష వచ్చింది అనుకోవటం మనకు తోచే అర్థం. యెర్కిస్‌కు మొదటిది తిరగబడి కనిపించింది. పుట్టుకతో తెలివైనవాళ్ళే బడిలో ఎక్కువకాలం నిలుస్తారన్నాడు. బ్రిగామ్‌కు రెండోది ఇంకోలా కనిపించింది. ముందు వచ్చినవాళ్ళు ఉత్తర ఐరోపా 'మేలుజాతి', తరవాత వచ్చేవాళ్ళు నానాటికీ నాసిరకం, అందుకే కొత్తవాళ్ళకు మార్కులు తక్కువన్నాడు. పరిసరాల ప్రభావం అనే వివరణ ఆయన దృష్టికి రాకపోలేదు. వచ్చింది, దాన్ని పక్కన పెట్టాడు. అంకెలు ఒకటే, అర్థాలు రెండు. ఎంపిక చేసింది లెక్కలు కావు, శాస్త్రవేత్త మనసులో అంతకుముందే వున్న జాతి దురభిమానం.

ఇక్కడ శాస్త్రం తనను తాను దిద్దుకున్న తీరు కూడా చెప్పకపోతే అన్యాయం. భాషా సంస్కృతులు వేరైన జనాలను ఇలాంటి పరీక్షలతో పోల్చటం చెల్లదనీ, తన పాత పుస్తకానికి పునాదే లేదనీ 1930లో బ్రిగామ్ అచ్చులోనే ఒప్పుకున్నాడు. ఆ సైనిక పరీక్షల్లోనే ఉత్తర రాష్ట్రాల నల్లజాతి సైనికులకు దక్షిణ రాష్ట్రాల నల్లజాతి సైనికుల కన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. తెలివైనవాళ్ళే ఉత్తరానికి వలసపోయారు కాబట్టి అలా వచ్చాయని కొందరు సర్దిచెప్పారు. ఆటో క్లైన్‌బర్గ్ ఈ మాటను నమ్మలేదు, కొట్టిపారెయ్యనూ లేదు, పరీక్షించాడు. దక్షిణాది బడుల పాత రికార్డులు తిరగేశాడు. వలసపోయిన పిల్లలు, పోకముందు, అక్కడే వుండిపోయిన పిల్లల కన్నా మెరుగ్గా ఏమీ లేరు. న్యూయార్కు చేరిన పిల్లల మార్కులు మాత్రం అక్కడ గడిపిన యేళ్ళతోపాటు పెరిగాయి. ఇది 1935 నాటి మాట. ముందొచ్చినవాళ్ళే మేలురకమేమో అన్న సందేహం ఇంకా మిగిలింది. 1951లో ఎవరెట్ లీ ఫిలడెల్ఫియాలో అవే పిల్లల మార్కుల్ని యేళ్ళ తరబడి వెంబడించి చూశాడు. ఆ పిల్లల మార్కులే పెరిగాయి. ఆ సందేహానికీ చోటు తగ్గింది.

వీళ్ళెవరూ చీటీలు వేసి పిల్లల్ని ఉత్తరానికి పంపలేదు. వీళ్ళది ప్రయోగం కాదు, సహసంబంధ పరిశోధనే. అయినా బ్రిగామ్ చేసిందీ వీళ్ళు చేసిందీ ఒకటి కాదు. తమ వివరణకు పోటీగా నిలిచే వివరణను ఎదుటికి పిలిచి, అది నిజమైతే ఏం కనిపించాలో అడిగి, వెదికి చూశారు.

ప్రయోగం బడిలోకే వచ్చిన సందర్భం ఇంకొకటుంది. పంతుళ్ళు తెలివైనవాళ్ళనుకున్న పిల్లలు తరచు బాగా చదువుతారు. పంతులు తెలివిని సరిగా గుర్తుపడుతున్నాడా, అతని నమ్మకమే ఆ పిల్లవాణ్ణి పైకి తెస్తోందా? రాబర్ట్ రోసెంథాల్, లెనోర్ జాకబ్సన్ కాలిఫోర్నియాలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఐదింట ఒక వంతు పిల్లల పేర్లు చీటీల పద్ధతిలోనే తీసి, వీళ్ళు త్వరలో వికసిస్తారని పరీక్షలో తేలిందంటూ పంతుళ్ళకు చెప్పారు. నెలలు గడిచాక కొలిస్తే మొదటి రెండు తరగతుల్లో ఆ పిల్లలు మిగతావాళ్ళ కన్నా ముందుకు పోయారు. పై తరగతుల్లో అలా కనిపించలేదు. 1968లో వచ్చిన ఈ పుస్తకం మీద గట్టి విమర్శలు వచ్చాయి. ఆ ప్రభావం మొదట చెప్పుకున్నంత పెద్దది కాదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. చిన్నదైనా సరే, నాకది గుచ్చుకుంది. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాణ్ణి చూసి "వీడు పది గట్టెక్కడు" అన్నాను. వెనక బెంచీలో కూర్చోబెట్టాను, ప్రశ్నలడగటం మానేశాను. వాడు తప్పాడు. "నేనప్పుడే చెప్పాను గదా" అని తోటి ఉపాధ్యాయులతో అన్నాను కూడా. నేను ముందే పసిగట్టానా, నేనే తప్పించానా? ఒక్క పిల్లవాడి మీద ఆ లెక్క ఎన్నటికీ తేలదు. తేలకపోవటమే నాకు శిక్ష.

అయితే ప్రయోగమొక్కటే శాస్త్రమనీ, మిగతాదంతా కాలక్షేపమనీ అనుకోవద్దు. పేదరికాన్నీ, కులాన్నీ, కరువునూ చీటీలు వేసి పంచలేం, పంచకూడదు. మనస్తత్వశాస్త్రంలో ఈ రెండు దారులూ ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా పోతున్నాయనీ, అవి కలవాలనీ లీ క్రాన్‌బాక్ 1957లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షోపన్యాసంలో చెప్పాడు. పైగా, 'సహసంబంధం కారణం కాదు' అన్న మాటను కూడా కవచంగా తొడుక్కునేవాళ్ళున్నారు. ఇంగ్లండులో డాల్, హిల్ 1950లో పొగతాగటానికీ ఊపిరితిత్తుల కాన్సరుకూ వున్న సంబంధాన్ని చూపితే, ప్రయోగ పద్ధతికి సిద్ధాంతం కట్టిన ఫిషరే అది కారణమని రుజువు కాలేదని వాదించాడు. సిగరెట్టు కంపెనీల సంఘానికి ఆయన సలహాదారు కూడా. చీటీల ప్రయోగం లేకుండానే, ఎన్నో వైపుల నుంచి వచ్చిన ఆధారాలు పోటీ వివరణల్ని ఒక్కొక్కటిగా పడగొట్టి నిజాన్ని నిలబెట్టాయి. సందేహించటం శాస్త్రమే. ఎప్పుడు, ఎవరి లాభం కోసం సందేహిస్తున్నామన్నది కూడా చూసుకోవాలి.

ఇక నా ఉపన్యాసం సంగతి. ఐరోపా వలసల మీద దేశాలవారీ కోటాలు పెట్టిన తొలి చట్టం 1921లోనే వచ్చింది, అంటే బ్రిగామ్ పుస్తకానికి రెండేళ్ళ ముందు. చదువు రానివాళ్ళను ఆపే చట్టం 1917 నాటిది, చైనా కూలీలను నిషేధించినది 1882 నాటిది. ఈ కట్టడిని కోరినవాళ్ళలో జాతి దురభిమానులతో పాటు అమెరికన్ కార్మిక సమాఖ్య నాయకత్వం కూడా వుంది. ఇది మనకు మింగుడుపడని నిజం. ప్రజ్ఞా పరీక్షలు 1924 చట్టాన్ని ఎంతవరకూ ప్రభావితం చేశాయన్నదాని మీద చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. పుస్తకమూ చట్టమూ రెండూ ఒకే సామాజిక వాతావరణంలో పుట్టిన కవలలని అనటమే ఇప్పుడు నాకు సబబుగా తోస్తోంది. బ్రిగామ్‌ను ఏ తప్పుకు తిట్టానో ఆ తప్పే ఆ సభలో నేనూ చేశాను.

మన సాహిత్య విమర్శలో ఈ తప్పు నిత్యం జరుగుతూనే వుంది. 1929లో ఆర్థిక మాంద్యం వచ్చింది, 1930లలో శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గేయాలు రాశారు, కాబట్టి మాంద్యమే ఆ కవిత్వాన్ని పుట్టించిందని రాసేస్తాం. అదే దశకంలో, అదే తెలుగునేల మీద, విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' రాశారు. మాంద్యం ఇద్దరికీ ఒకటే. అంతమాత్రాన భౌతిక పరిస్థితులకూ సాహిత్యానికీ సంబంధం లేదని నేననటం లేదు. సంబంధం వుందని చెప్పి ఊరుకుంటే పని సగంలో ఆపినట్టేనంటున్నాను. ఆ పరిస్థితి ఏ దారిన కవి దాకా వచ్చింది? ఏ చదువు, ఏ స్నేహాలు, ఏ ఉద్యమం మధ్యన నిలిచాయి? అదే పరిస్థితిలో వుండి అలా రాయనివాళ్ళెవరు, ఎందుకు రాయలేదు? సాహిత్య చరిత్రలో మనకు ప్రయోగం వీలు కాదు. క్లైన్‌బర్గ్ పాత రికార్డులు తిరగేసినట్టు పాత పత్రికలూ, ఉత్తరాలూ తిరగెయ్యటం మాత్రం వీలవుతుంది. కొత్తగా విమర్శలోకి వస్తున్న విద్యార్థులు ఆ పనికి పూనుకోవాలి.

ఆనాటి ఉపన్యాసం కాగితాలు నా దగ్గర ఇంకా వున్నాయి. వాటిలో 'కాబట్టి' అన్న మాట వచ్చిన ప్రతిచోటా కింద గీత గీసుకున్నాను. పదకొండు చోట్ల వుంది. ఆ అమ్మాయి ప్రశ్నకు నిలబడేవి అందులో నాలుగే కనిపించాయి.