చెప్పు తోలు నుంచి రాగి పొడి దాకా: బ్రేక్ ప్యాడ్ల చరిత్రలో దుమ్ము

ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పిందే కొంచెం సాపుగా రాసి పెడుతున్నా. డ్యూటీ బస్సులో నెట్ అందక వినలేకపోయినవాళ్ళు తీరిగ్గా చదువుకోండి.

మొన్న సెలవు రోజు షార్జాలో బదాయర్ ఇసుక దిబ్బల దగ్గర ఒక తమ్ముణ్ణి కలిశా. జగిత్యాల వైపు పిల్లగాడు. టూరిస్టులకు డర్ట్ బైకులు కిరాయికిచ్చే గ్యారేజీలో మెకానిక్. "అన్నా, ఈ బ్రేక్ ప్యాడ్లు నెల కూడా ఆగుతలేవు. ముదీర్ నన్నే తిడుతుండు. గట్టియి ఏవి వెయ్యాలె?" అని అడిగిండు. నేను ఇప్పుడు సైటు సూపర్‌వైజర్నే గానీ, ఐటీఐలో చదివింది డీజిల్ మెకానిక్. జవాబు చెప్పబోతుంటే వాడు కంప్రెసర్ పైపు తీసి క్యాలిపర్ మీద బుస్సుమని ఊదాడు. నల్లటి దుమ్ము ఇద్దరి మొహం మీదికీ వచ్చింది. నేను రెండడుగులు వెనక్కి వేశా. ఎందుకో తెలియాలంటే కథ మొదటి నుంచి చెప్పాలి.

1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త తయారుచేసిన కారులో కొడుకులిద్దరినీ ఎక్కించుకుని వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసింది. దారిలో కొండలు దిగేటప్పుడు బ్రేకు చెక్కలు అరిగిపోయాయి. ఆమె ఒక చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగి, ఆ చెక్కలకు తోలు కొట్టించుకుంది. బ్రేక్ లైనింగ్ పుట్టింది అలాగే అని చెబుతారు.

ఇంగ్లండ్‌లోనూ దాదాపు అదే కథ. డెర్బీషైర్ కొండల్లో గుర్రబ్బండ్ల వాళ్ళు దిగుడులో బ్రేకు చెక్కకూ చక్రానికీ మధ్య పాత బూటు దోపేవాళ్ళట. అది చూసిన హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో, నూలు పట్టీకి జిగురు పట్టించి లైనింగులు చేయడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ మనం డబ్బా మీద చూసే ఫెరోడో ఆయనదే. ఆయన ఇంటిపేరుకు ఒక 'E' కలిపి అక్షరాలు అటూ ఇటూ మారిస్తే వచ్చే పేరే.

కానీ నూలు వేడికి మాడిపోతుంది. మోటారు బండ్లు వచ్చి వేగం పెరిగాక తోలు, నూలు పనికిరాలేదు. 1908 నాటికి ఫ్రూడ్ ఆస్బెస్టాస్ వైపు తిరిగాడు. మంటకు కాలదు, చవక, నూలులాగే నేయొచ్చు. తర్వాత డెబ్బై ఏళ్ళకు పైగా ప్రపంచంలో బ్రేకులన్నీ ఎక్కువగా దాని మీదే నడిచాయి.

ఇంకో ముచ్చట. మన బైకులకుండే డిస్క్ బ్రేకుకు 1902లోనే ఫ్రెడరిక్ లాంచెస్టర్ పేటెంటు తీసుకున్నాడు. ప్యాడ్లు రాగివి. అప్పటి మట్టి రోడ్ల దుమ్ముకు ఆ రాగి ఇట్టే అరిగిపోయింది. చూశారా, తమ్ముడి సమస్యా, లాంచెస్టర్ సమస్యా ఒకటే. డిస్కుకూ ప్యాడుకూ మధ్య ఇసుక చేరితే అది సాన రాయి. ఆ డిస్కే 1953లో లె మాన్స్ రేసులో జాగ్వార్ కారుతో గెలిచింది, 1969లో హోండా సీబీ750 ముందు చక్రానికి వచ్చింది. మట్టి బైకులకు మాత్రం చాలాకాలం డ్రమ్మే. 1979లో ముగిసిన మొదటి పారిస్-డాకర్ ర్యాలీ గెలిచిన యమహా ఎక్స్‌టీ500కి రెండు వైపులా డ్రమ్ములే. 1980ల్లో గానీ మోటోక్రాస్ బండ్లకు డిస్కులు బాగా రాలేదు. ఆ డాకర్ 2020 నుంచి మన పక్కనే సౌదీలో జరుగుతోంది. 2024లో మన కేరళ కుర్రాడు హారిత్ నోవా అక్కడే ర్యాలీ-2 విభాగం గెలిచాడు.

ఇక ఆస్బెస్టాస్ సంగతి. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో నెల్లీ కెర్షా అనే కార్మికురాలు ఆస్బెస్టాస్ నూలు వడికేది. 1924లో 33 ఏళ్ళకే చనిపోయింది. ఊపిరితిత్తుల్లో ఆ పీచు ఉందని కుక్ అనే డాక్టరు వైద్య పత్రికలో రాశాడు. కంపెనీ మాత్రం పరిహారం ఇవ్వలేదు. బ్రిటన్‌లో దుమ్ము మీద నియమాలు 1931లో వచ్చాయి, పూర్తి నిషేధం 1999లో. అమెరికాలో మార్కెట్లో అమ్మే బ్రేకుల్లో ఆస్బెస్టాస్‌ను ఆపాలన్న ఉత్తర్వు 2024లో వచ్చింది. ఒక మనిషి చావుకీ, నిషేధానికీ మధ్య ఎంత కాలం పట్టిందో లెక్కేసుకోండి.

నేను ఐటీఐ అయిపోయాక ఏడాది పాటు ఒక లారీ షెడ్డులో అప్రెంటిస్ చేశా. డ్రమ్ము విప్పడం, కంప్రెసర్‌తో ఊదడం, పాత లైనింగు గీకడం. మొహానికి తువ్వాలు కట్టుకుంటే ఉస్తాద్ నవ్వేవాడు. ఆ లైనింగుల్లో ఏముందో ఎవరూ చెప్పలేదు. ఆ పీచు లోపలికి పోతే జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్పై ఏళ్ళు కూడా పడుతుంది. అందుకే వీసా మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీసిన ప్రతిసారీ, మెసేజ్ వచ్చేదాకా నాకు అన్నం సహించదు. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. మీకు చెబుతున్నా.

తమ్ముడికి చెప్పింది ఇదీ. రెసిన్‌తో చేసిన ఆర్గానిక్ ప్యాడ్ మెత్తగా పట్టుకుంటుంది, డిస్కును కాపాడుతుంది. కానీ ఇసుకలో, బురదలో తొందరగా పోతుంది. సింటర్డ్ ప్యాడ్ అంటే రాగి లాంటి లోహాల పొడిని ఒత్తిడి పెట్టి కాల్చి గట్టిపరిచింది. విమానాల బ్రేకుల్లో నమ్మకంగా వాడిన పద్ధతే. ఇసుకకూ, నీళ్ళకూ, వేడికీ ఎక్కువ కాలం ఆగుతుంది. కాకపోతే డిస్కును కొంచెం ఎక్కువ అరగదీస్తుంది, వేడిని బ్రేక్ ఆయిల్ దాకా పంపుతుంది. అందుకే ఆయిల్ టైముకు మార్చాలి, డిస్కు సింటర్డ్‌కు సరిపోయేదేనా చూసుకోవాలి. దిబ్బల మీద కిరాయి బండ్లకు నా ఓటు దీనికే.

వెనక రేకు మీద ఎఫ్ఎఫ్, జీజీ, హెచ్‌హెచ్ లాంటి అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.55 దాకా, హెచ్ అంటే ఆపైన. అది పట్టుకు గుర్తే గానీ మన్నికకు కాదు. హెచ్‌హెచ్ అని రాసుంటే ఎక్కువ రోజులు వస్తుందనుకోవద్దు. పేరూ ఊరూ లేని డబ్బాలో చవగ్గా దొరికే ప్యాడు తీసుకోవద్దు. లోపల ఏం కలిపారో అడగడానికి మనిషే ఉండడు.

చివరిగా ఒకటే మాట. ఆస్బెస్టాస్ లేని ప్యాడైనా సరే, దుమ్మును గాలితో ఊదొద్దు. బ్రేక్ క్లీనర్ కొట్టి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పడేయండి. మంచి మాస్కు పెట్టుకోండి. ప్యాడు అరిగితే కొత్తది వస్తుంది తమ్ముడూ, ఊపిరితిత్తులకు స్పేర్ పార్టు లేదు.

వాడు నవ్వాడు. కానీ కంప్రెసర్ పైపు మాత్రం చుట్టి పక్కన పెట్టాడు.