వెచ్చని రాత్రుల్లో గడ్డ ఊరేదెలా?

బంగాళాదుంపకు పగటి ఎండకన్నా రాత్రి ఉక్కే పెద్ద శత్రువు. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే గడ్డ బాగా ఊరుతుంది. 20 దాటితే ఊరడం మందగిస్తుంది. ఇంకా పెరిగితే పైన ఆకు గుబురుగా, పచ్చగా ఉంటుంది కానీ బోదె తవ్వితే వేళ్లే కనిపిస్తాయి. 1925లో అమెరికాలోని మిన్నెసోటాలో జాన్ బుష్నెల్ దీన్ని కొలిచి చూపాడు. 20, 23, 26, 29 డిగ్రీల దగ్గర మొక్కలు పెంచితే, 29 దగ్గర గడ్డలే పడలేదు. వేడికి మొక్క శ్వాసక్రియ పెరిగి, తయారైన పిండిపదార్థం అందుకే ఖర్చయిపోతుందని ఆయన భావించాడు. అది సగం నిజం. గడ్డ కట్టమని ఆకు నుంచి కిందికి కబురు మోసే ఎస్‌పీ6ఏ అనే ప్రోటీన్‌ను 2011లో గుర్తించారు. వేడిలో అది తయారవడమే తగ్గిపోతుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. పిండి కొరత ఒక్కటే కాదు, కిందికి కబురే సరిగా అందదన్నమాట.

ఈ మొక్క పుట్టిల్లు ఆండీస్ పర్వతాలు. అక్కడ రాత్రులు చల్లనివి, పగళ్లు పొట్టివి. ఐరోపాకు వెళ్లాక అక్కడి పొడవాటి వేసవి పగళ్లకు తగిన రకాలు ఎంపికలో నిలిచాయి. పోర్చుగీసు వారి ద్వారా భారతదేశం చేరిన దుంప మాత్రం విచిత్రమైన స్థితిలో పడింది: ఇక్కడ పగళ్లు పొడవైనప్పుడు వేడి, చల్లనైనప్పుడు పగళ్లు పొట్టి. గంగా మైదానపు రైతు దాన్ని వేసవి నుంచి తప్పించి చలికాలపు పంటగా మార్చుకున్నాడు. ఫుల్వా వంటి పాత దేశీ రకాలు అలా నిలిచాయి. దిగుబడి తక్కువైనా, శీతల గిడ్డంగులు లేని రోజుల్లో వేసవి వేడిలోనూ అవి నిల్వ ఉండేవి. బ్రిటిష్ వారు తెచ్చిన అప్-టు-డేట్ వంటి రకాలకు ఆ ఓర్పు లేదు.

1935లో ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధన సంస్థ సిమ్లా, కుఫ్రీ, భోవాలీలలో కేంద్రాలు తెరవడంతో మన దేశంలో బంగాళాదుంప ప్రజననం పద్ధతిగా మొదలైంది. 1949లో పట్నాలో పుట్టిన కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ 1956లో సిమ్లాకు మారింది. కొండలెక్కడానికి గట్టి కారణమే ఉంది. మైదానాల చలికాలపు పొట్టి పగళ్లలో ఈ మొక్క సరిగా పూయదు. 2,500 మీటర్లకు పైనున్న కుఫ్రీలో వేసవి పగళ్లు పొడవు కాబట్టి పూలు వస్తాయి, సంకరం కుదురుతుంది. అందుకే ఈ సంస్థ రకాలన్నిటి పేర్ల ముందు కుఫ్రీ ఉంటుంది. వేడి నేలకు కావలసిన దుంప కూడా మంచు కొండమీదే పుట్టవలసి రావడం ఈ కథలోని తమాషా. పైగా ఇది నాలుగు సమితుల క్రోమోజోముల వ్యవహారం. మొత్తం 48 ఉండడంతో ఒకే కాయలోని గింజలు కూడా ఒక్కొక్కటి ఒక్కో గుణంతో మొలుస్తాయి. వేలల్లోంచి ఒకదాన్ని ఏరి, ఏటా గడ్డల ద్వారా పెంచి, మైదానాల్లో పరీక్షించి విడుదల చేసేసరికి పదేళ్లు దాటుతుంది.

ఆ తొలి దశాబ్దాల్లో వేడి ప్రధాన సమస్యగా ఎవరికీ తోచలేదు. దిగుబడి, లేట్ బ్లైట్ తెగులు, వైరస్‌లే ముందుండేవి. శాస్త్రవేత్త పుష్కర్‌నాథ్ రూపొందించిన విత్తన క్షేత్ర పద్ధతి వైరస్ సమస్యను చాలావరకు తీర్చింది. అక్టోబర్‌లో నాటి, వైరస్‌లను మోసే పేనుబంక పురుగులు వంద ఆకులకు 20 చేరే లోపే, అంటే జనవరి మొదటికల్లా పైమొక్కను కోసేయడమే ఆ పద్ధతి. ఉత్తరాది మైదానాల్లోనే మేలైన విత్తనం తయారైంది. 1968లో వచ్చిన కుఫ్రీ చంద్రముఖి, కుఫ్రీ జ్యోతి దేశమంతా పాకాయి. అయితే ఈ విజయమంతా వేడిని తప్పించుకోవడంలోనే ఉంది, తట్టుకోవడంలో కాదు.

దక్కన్‌కు ఆ తప్పించుకునే వీలు తక్కువ. పుణె పరిసరాల్లోనూ, కర్ణాటకలోని హాసన్‌లోనూ, చిత్తూరు జిల్లా పడమటి మెట్టల్లోనూ వానాకాలంలో ఆలు వేస్తారు. జహీరాబాద్ వైపు రబీలో వేసినా చలి కొద్ది వారాలే. మహారాష్ట్ర పీఠభూమి కోసం 1972లో విడుదలైన కుఫ్రీ లౌకర్ త్వరగా గడ్డ పెట్టి, కొంత వేడికి ఓర్చింది. అసలు మలుపుకు లౌకర్‌తో సంకరం చేయాల్సిన రెండో జనక మొక్క మాత్రం పెరూ నుంచి రావలసి వచ్చింది.

1971లో లిమాలో ఏర్పడిన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం, కొండలు దిగి 800 మీటర్ల ఎత్తులోని సాన్ రామోన్‌లోనూ, అమెజాన్ పల్లపు నేలైన యురిమాగ్వాస్‌లోనూ మొక్కలు నాటింది. ఆ ఉక్కలో గడ్డ పెట్టినవే మిగిలాయి. అలాంటి ఎల్‌టీ-1 అనే రకంతో లౌకర్‌ను సంకరం చేయగా వచ్చిన సంతతిలోంచి ఏరిందే కుఫ్రీ సూర్య. రాత్రి 20 డిగ్రీలు దాటినా ఇది గడ్డ పెడుతుంది. ముందుగా నాటిన పైరును పీల్చి మాడ్చే పచ్చదోమను తట్టుకుంటుంది. 2006లో విడుదలయ్యాక వాయవ్య మైదానాల్లో సెప్టెంబర్‌లోనే నాటడానికీ, దక్షిణాది పీఠభూమికీ దీన్ని సిఫారసు చేశారు. లేట్ బ్లైట్‌కు లొంగడం దీని పెద్ద లోపం. వానాకాలపు హాసన్ వంటి చోట్ల ఆ లోపం చిన్నది కాదు. తర్వాత 2018లో వచ్చిన కుఫ్రీ లిమాలో వేడికి ఓర్పుతో పాటు ఎక్స్, వై వైరస్‌ల నిరోధం కూడా చేరింది.

ఇవేవీ నడివేసవిలో మైదానపు చేలో పండే దుంపలు కావు. వేడిని తట్టుకునే రకం అన్నప్పుడు సీజన్ మొదట్లోనో చివర్లోనో కలిసొచ్చే కొద్ది వారాలనే అర్థం చేసుకోవాలి. ముందు తవ్విన ఆలుకు మార్కెట్లో మంచి ధర పలుకుతుంది కాబట్టి రైతుకు ఆ కొద్ది వారాలే లాభం.