పొట్ట కోయని వైద్యము

మన పాతపాళ్య, బాగేపల్లి, చింతామణి పల్లెలలో కండ్లు పచ్చబడినవంటే మొదట తోచేది పసరు మందే. కొందరికి తగ్గుతుంది. కాలేయపు వాపువలన వచ్చిన కామెర్లు చాలవరకు వాటంతట అవే తగ్గేవి. కాని పైత్యరసం పారే నాళంలో రాయి అడ్డుపడితే ఏ పసరూ దానిని కదిలించలేదు.

కాలేయంనుండి పైత్యరసము, క్లోమంనుండి జీర్ణరసము ఒకే చిన్న ద్వారాన చిన్నప్రేవులోనికి దిగుతాయి. ఆ ద్వారాన్ని 1720లో జర్మను పండితుడు వేటర్ వర్ణించినాడు. 1882లో బెర్లినులో లాంగెన్‌బుక్ పిత్తాశయాన్ని మొదటిసారి కోసి తీసినాడు. అటుపైని సుమారు తొంబదేండ్లు నాళంలోని రాయికి పొట్ట కోయుటయే గతి.

1957లో అమెరికాలో హిర్షోవిట్జ్ సన్నని గాజుపోగులతో, వంగే దర్శినిని చూపినాడు. 1968లో వాషింగ్టనులో మెక్యూన్ బృందం నోటిద్వారా గొట్టం పంపి, ఆ ద్వారంలో రంగుమందు ఎక్కించి, ఎక్స్‌రే తీసినారు. జపానువారు వెంటనే అందుకు తగిన పనిముట్లు చేసినారు. 1974లో జర్మనీలో క్లాసెన్, డెమ్లింగులు, జపానులో కవాయ్ ఆ ద్వారాన్ని కొద్దిగా కోసి రాళ్లకు దారి చేసినారు. 1979లో హాంబుర్గులో సోహేంద్ర, మూసుకొన్న నాళంలో చిన్న గొట్టం నిలిపి పైత్యరసం పారించినాడు. ఇదే నేడు ఇ.ఆర్.సి.పి. అనబడుతున్నది.

ఈ విద్యలో మనవారు వెనుకబడలేదు. 1956లో విశాఖపట్నంలో పుట్టి, కర్నూలులో వైద్యం చదివిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ స్థాపించినారు. ఈ పద్ధతి నేర్చుకొనుటకు విదేశీ వైద్యులుకూడ అక్కడికి వస్తున్నారు. క్లోమంలోని రాళ్లను బయటినుండి తరంగాలతో పొడిచేసి, పిదప దర్శినితో తీయుటలో ఆ సంస్థకు మంచి పేరున్నది. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించినారు.

ఇది అపాయంలేని పని కాదు. కొందరికి దీనివలననే క్లోమం వాచుతుంది. అందుచేత నేడు స్కానులతో రోగం పోల్చుకొని, చికిత్స కావలసినవారికే దీనిని చేస్తున్నారు.

బ్రతుకుతెరువుకై ఊరు విడిచిన మనము ఇంటి పెద్దలతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఒక్క మాట చెప్పవలె: కామెర్లతో దురద, సుద్దవంటి మలము, కుడి డొక్కలో నొప్పి ఉంటే పసరుకై ఆగవద్దు. చలిజ్వరంకూడ తోడైతే ఆ దినమే ఆసుపత్రి చేరవలె. ఒక దినం ఆలస్యమైనా ప్రాణాలమీదికి రావచ్చును. ఈ ఉగాది మన ఇండ్లన్నిటికి ఆరోగ్యమిచ్చుగాక!