మనోవైద్యానికి వేరే పంక్తి

వైద్యుల కాగితాలను కంప్యూటరుకెక్కించడానికి 2009 నాటి హైటెక్ చట్టం ద్వారా అమెరికా వేల కోట్ల డాలర్లు వెచ్చించింది. అందులో సైకియాట్రిస్టులకు వాటా దక్కింది. సైకాలజిస్టులకూ, మానసిక వైద్యశాలలకూ దక్కలేదు. ఒకే రోగి మనసును చూసేవారి మధ్య ఈ పంక్తిభేదం! దాంతో గుండె పరీక్షల ఫలితాలు తెర మీదికి వచ్చినా, అదే రోగి వాడే లిథియం మోతాదు మరో భవనంలోని కాగితాల్లో ఉండిపోగలిగింది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అది చిన్న లోపం కాదు.

అయినా ఈ జాప్యానికి రోగులందరూ వగచారనుకోలేం. చెప్పుకున్న గోడు ఎవరి కంట పడుతుందోనన్న భయం పాతదే. విడిగా భద్రపరచిన సైకోథెరపీ నోట్సుకు హిపా నిబంధనలు అదనపు రక్షణనిచ్చాయి గానీ, మందుల వివరాలూ జబ్బు పేరూ ఆ రక్షణలోకి రావు. చాలామంది దాచుకోదలచినది సరిగ్గా ఆ పేరునే. మానసిక వైద్య సంస్థలకు ప్రోత్సాహకాలిచ్చి చూసే ప్రయోగానికి 2018లో సపోర్ట్ చట్టం వీలు కల్పించింది, తొమ్మిదేళ్లు ఆలస్యంగా.