రేవు, పట్టా, రోడ్డు: రామచంద్రపుర ప్రాంతపు సరుకు రవాణా

రవాణా చరిత్రము వ్రాయువారు సాధారణముగా దారులను వర్ణించి, సరుకు దిగు చోటులను విడిచిపెట్టెదరు. దారి యెంత మంచిదైనను, బస్తా యెక్కడ దిగవలెనో, మరల యెక్కడ ఎక్కవలెనో ముందుగా నిర్ణయింపనిచో రైతునకుగాని వర్తకునకుగాని కలుగు లాభము స్వల్పము. ఇందుకు మన రామచంద్రపుర ప్రాంతమే సాక్ష్యము.

ధవళేశ్వరమువద్ద ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. కాటను దొర కాలువలను పైరులకొరకే కాక పడవలకొరకును ఉద్దేశించెను. నీటిమట్టము మారుచోట లాకు కట్టి, రెండు తలుపుల నడుమ పడవను నిలిపి, నీరు నింపియో తీసియో దాటించుచుండిరి. గాలి యున్నపుడు తెరచాప. లేనపుడు గట్టువెంట నడచు మనుష్యులు లాగు పగ్గము. ధాన్యపు బండి కళ్లమునుండి కాలువగట్టుదాక నడచిన చాలును. కాకినాడ తీరమున లోతు చాలనందున ఓడలు దూరమున నిలువగా, సరుకును పడవలే వానికి చేర్చెను. చేను, రేవు, ఓడ ఒక్క నీటిదారిపై కూడుట మిక్కిలి మెచ్చదగినది. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టినపుడు మాత్రము పడవలును ఆగెడివి. కాటను దొర రైళ్లకన్న కాలువలనే మెచ్చిన వాదమును మేము పూర్తిగా నంగీకరింపము.

పందొమ్మిదవ శతాబ్దపు చివర రైలు వచ్చెను. రాజమహేంద్రవరపు వంతెన 1900లో తెరువబడెను. ఆ ప్రధానమార్గము సామర్లకోటమీదుగా పోయినది. కాకినాడకు శాఖ మాత్రమే దక్కెను. డెల్టా లోపలి గ్రామములకు ఏమియు దక్కలేదు.

ఈ లోటును తీర్చినది 1928లో వేయబడిన కాకినాడ–కోటిపల్లి మార్గము. దాదాపు 45 కిలోమీటర్ల యీ పట్టా రామచంద్రపురము, ద్రాక్షారామములగుండా గౌతమీతీరమునకు చేరెను. అవతలి యొడ్డున ముక్తేశ్వరము. కోనసీమ కొబ్బరి పడవపై నది దాటి, కోటిపల్లిలో రైలెక్కుటకు వీలు కలిగెను. రేవును స్టేషనును ఒకచో కూర్చుట దూరదృష్టియే. కాని 1940లో యుద్ధావసరములకై పట్టాలు పెరికివేయబడెను.

మార్గము మరల 2004లో గాని రాలేదు. ఈ అరువదినాలుగేండ్లలో లారీ వచ్చినది. కాలువలపై పడవలు సన్నగిల్లినవి. ధాన్యపు వ్యాపారము రోడ్డునకు అలవాటుపడినది. తిరిగి వచ్చిన పట్టా ప్రజలను మోయుటకు వచ్చెనేగాని, మిల్లు వాకిటినుండి వ్యాగనుదాక బస్తాను చేర్చు ఏర్పాటు దానివెంట రాలేదు. కాకినాడనుండి బియ్యము దేశాంతరములకు పోవుచుండగా, ఆ బియ్యమును మోయు లారీలు ఊరి బజారులలో బడిపిల్లలనడుమ దారి చేసికొనవలసివచ్చుచున్నది.

కోటిపల్లి–నరసాపురము మార్గము 2000–01లో మంజూరై, గౌతమి, వైనతేయ, వశిష్ఠలపై వంతెనలతో నిర్మాణమునందున్నది. అది పూర్తియైనచో కోటిపల్లి చివరి స్టేషనుగా నుండక, కాకినాడకును పశ్చిమ డెల్టాకును నడిమి స్టేషనగును. అప్పుడు సరుకు ఎక్కడ దిగును? ఎవరి భూమిలో?

కావున మన సంఘమునందలి మిల్లుదారులు, లారీ యజమానులు, జట్టు కూలీలు ఒకచో కూర్చుండి పురపాలక సంఘమునకును రైల్వేవారికిని ఒక విన్నపము పంపవలెనని ఈ మహాసభను కోరుచున్నాము. గూడ్సుషెడ్డు, గిడ్డంగి, లారీలు నిలుచు స్థలము, తూకపు కాటా, ఊరు చుట్టివచ్చు రోడ్డు, కూలీలకు నీడయు మంచినీరును ఒకే పటములో గీయబడవలెను. స్టేషను చుట్టును ఖాళీ నేల యుండగనే యీ పని జరుగవలెను.